ఈరమ్మ లేదని రాసిన కాగితం

పోయిన వారం సింధూజను వనపర్తిలో డాక్టర్ భానుప్రకాశ్ క్లినిక్ మెట్ల మీద వదిలేశాం. ఆమె చేతిసంచిలో పద్నాలుగేళ్ల నాటి కేసు షీటు ఉంది. నాగర్‌కర్నూల్‌లో మూతబడిన ఓ నర్సింగ్ హోం గోదాములో, ఎలుకలు కొరికిన కట్టల మధ్య దొరికిన షీటు. పదిహేనేళ్ల వయసులో ఆమెకు స్కిజోఫ్రీనియా అని ఈ డాక్టరే రాసింది అందులో. ఆ ఒక్క మాట పట్టుకుని భర్త శివకుమార్ ఏడు నెలలుగా ఆరేళ్ల చైత్రను తల్లి దగ్గరికి రానివ్వడం లేదు. సోమవారం కోర్టు వాయిదా. ఆ రోజు ఆమెకు రోగం ఇంకా ఉందన్న భానుప్రకాశ్ సర్టిఫికెట్ జడ్జి ముందుకు వెళ్తే పిల్ల ఇక తండ్రిదే.

ఆ కేసు షీటులో ఓ లేని మనిషి కూడా ఉంది. ఆ ఏడు గద్వాల దగ్గర సీడ్ పత్తి చేలో పనికి వెళ్లినప్పుడు, పక్క సాలులో ఈరమ్మ అనే పిల్ల కుప్పకూలిపోయిందని సింధూజ అప్పటి నుంచీ చెబుతూనే ఉంది. అలాంటి పిల్లే లేదన్నారు అందరూ. పోయిన వారం, ఆ రోజుల్లో పిల్లల గుంపుకు మేస్త్రీగా ఉన్న ప్రేమలత మొదటిసారి నోరు విప్పింది. ఈరమ్మ ఉండేది. రాయచూరు వైపు నుంచి వచ్చిన పిల్ల. పడిపోయిన సాయంత్రమే, విత్తనాల కంపెనీ తరఫున రైతులతో పంట వేయించే సీడ్ ఆర్గనైజర్ శ్రీశైలం ఆమెను జీపెక్కించి ఇంటికి పంపించాడు. అంతవరకే నాకెరుక అంది ప్రేమలత.

ఇవాళ శుక్రవారం. మధ్యాహ్నం మూడున్నర.

"కూర్చోమ్మా" అన్నాడు డాక్టర్ భానుప్రకాశ్, తలెత్తకుండానే.

ఆయన సీతాఫలం తింటున్నాడు. రెండు బొటనవేళ్లతో కాయను చీల్చి, చిప్పలో మూతి పెట్టి జుర్రుకున్నాడు. గింజలను నాలుకతోనే వేరు చేసి ఒక్కొక్కటిగా స్టీలు గిన్నెలోకి ఉమ్ముతున్నాడు. టిక్. టిక్. ఉమ్మిలో నల్లగింజలు నిగనిగలాడుతున్నాయి. రూం ఫ్రెషనర్ మల్లెవాసన, ఫినాయిలు, మగ్గిన పండు. మూడూ కలిసిన ఆ వాసనకు సింధూజ కుర్చీని కొంచెం వెనక్కి జరుపుకుంది.

"పాన్‌గల్ రైతు తెచ్చిచ్చిండు. మంచిగున్నయి. తింటవా?"

"వద్దు సార్."

"నువ్వు?" అని ఆమెకు తోడుగా వచ్చి పక్కన కూర్చున్న ప్రేమలతను అడిగాడు.

"మాకు చెట్టు కాడ తెంపుకొని తినే అలవాటు సార్. ఎంగిలి గిన్నె పక్కన పెట్టుకొని కాదు" అంది ప్రేమలత, ఆశా కార్యకర్త చీర కొంగు సవరించుకుంటూ.

డాక్టర్ గట్టిగా నవ్వాడు. నవ్వుతో పాటు ఓ గింజ బల్ల మీద పడింది. దాన్ని వేలితో గిన్నెలోకి తోసి, అదే వేలితో కంప్యూటర్ మౌస్ పట్టుకున్నాడు.

"సింధూజ... సింధూజ... ఆఁ. గోలీలు టైముకు ఏస్కుంటున్నవా?"

"రెండేండ్ల సంది లేవు సార్. మహబూబ్‌నగర్‌ల ఒక డాక్టరమ్మ ఏడాదిపాటు కొద్దికొద్దిగ తగ్గించి బంద్ చేయించింది."

మౌస్ ఆగింది.

"నన్ను అడగకుంటనా? గిట్ల ఎవరంటే వాళ్లు బంద్ చేయిస్తే ఏమైతదో తెలుసా? తిరగబెడ్తది."

"రెండేండ్లాయె. తిరగబెట్టలే."

"అయితే నా దగ్గరికెందుకొచ్చినట్టు?"

సింధూజ సంచిలోంచి కేసు షీటు తీసి బల్ల మీద పెట్టింది. ఆయన చెయ్యి చాచాడు. వేళ్ల సందుల్లో గుజ్జు ఎండి తెల్లగా పొలుసులు కట్టి ఉంది. ఆమె షీటు మీద అరచెయ్యి అదిమి పెట్టింది.

"ముట్టుకోకండ్రి. నేను తిప్పుత. మీరు చదవండ్రి. మీ రాతే గదా."

డాక్టర్ కళ్లద్దాల మీంచి చూశాడు. ఆ చూపు ఆమెకు బాగా తెలుసు. పదిహేనేళ్లప్పుడు కూడా అలాగే చూశాడు. మనిషిని కాదు, మనిషి వెనక గోడను చూసినట్టు.

"మూడో రోజు" అంది సింధూజ. "ఇక్కడ. చదవండ్రి."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "'కుడి బొటనవేలి గోరు కత్తిరించనివ్వదు. నర్సు దగ్గరికి వస్తే చెయ్యి దాచుకుని అరుస్తుంది. కారణం లేని భయం.' అయితే? నిజమే గదా. యాదుంది నాకు. నలుగురు పట్టుకోవాల్సొచ్చింది."

ప్రేమలత కిసుక్కున నవ్వింది. ఆ నవ్వులో సరదా ఏమీ లేదు.

"కారణం నన్నడిగితే చెప్తుంటి సార్. సీడ్ పత్తిల క్రాసింగ్ ఎట్ల చేస్తరో మీకెరుకనా? పొద్దూకేయాళ్ల మొగ్గ పట్టుకొని, బొటనేలి గోరుతోని తొక్క ఒలిచి, లోపలి పుప్పొడంత తీసెయ్యాలె. పొద్దుగాల్ల వేరే పువ్వు తెచ్చి రుద్దాలె. గోరు లేకుంటే మొగ్గ నలుగుతది. అందుకే పనిల పెట్టుకునేముందు నేను ఒక్కో పిల్ల చెయ్యి పట్టి గోరు చూస్తుంటి. గోరుంటే పని. లేకుంటే ఇంటికి పో. నెల రోజులు తిండి మానినా మానుతరు గానీ, గోరు తియ్యనిస్తరా?"

"నాకేం తెలుసమ్మా ఈ పత్తి ముచ్చట్లు?"

"అడిగితే తెలుస్తుండె."

సింధూజ వేలు కిందికి జరిపింది. "ఆ కింద."

"'గాలిలో ఏదో ఏరుతున్నట్టు రెండు చేతుల వేళ్లూ కదిలిస్తుంది. కనిపించని వస్తువులను గిల్లుతుంది.'" డాక్టర్ కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇగో, ఇది లక్షణమే. ఏ పుస్తకమన్నా తియ్యి."

"తీసిండ్రు సార్, ఆ డాక్టరమ్మ. ఇప్పుడు మొదటి పేజీ చూడండ్రి."

మొదటి పేజీ తిప్పింది. ఎలుకలు కొరికిన అంచు పొడిపొడిగా రాలింది. మందుల పట్టీ. పైన మొదటి రోజు తేదీ. దాని కింద నీలం సిరాతో ఒకే మందు పేరు, మళ్లీ మళ్లీ. అట్రోపిన్ సూది. పావుగంటకోసారి. రాత్రంతా. రెండో రోజూ అదే.



"నేను పన్నెండేండ్ల సంది ఆశా పని చేస్తున్న" అంది ప్రేమలత. "పురుగుమందు ఒంట్లకు పోయినోళ్లను ఎంతమందిని అంబులెన్సు ఎక్కించిన్నో లెక్కలేదు. ఈ సూది గిన్నిసార్లు ఎవరికిస్తరో మా ఊర్ల ముసలామెనడిగినా చెప్తది. పిచ్చికెప్పటి సంది ఇయ్యవట్టిండ్రు సార్?"

డాక్టర్ టిష్యూ పేపరు లాగి వేళ్లు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. కాగితం గుజ్జుకు అతుక్కుని పీలికలు పీలికలుగా ఊడుతోంది.

సింధూజ మాట్లాడింది. ఈ మాటలే బస్సులో నూరుసార్లు మననం చేసుకుంది.

"ఆ పొద్దు మేము సాళ్లల్ల ఉండంగనే మందు కొట్టిండ్రు. తడిమొగ్గలే ఒలిచినం. నోట్లెంబడి సొంగ కారింది, చూపు ఆనలే, కాళ్లల్ల సత్తువ పోయింది. మీరే రాసిండ్రు, ఇగో. కంటిపాప సూదిమొన లెక్క చిన్నగున్నది అని. మీకు తెలుసు సార్. వచ్చిన గంటలనే తెలుసు. అందుకే ఆ సూదులిచ్చిండ్రు. ఆ సూది ఎక్కువైతే మనిషి గాలిల ఏరుకుంటదంట. అరుస్తదంట. రెండు మూడు రోజులల్ల దానంతట అదే పోతదంట. మీరు సరిగ్గ మూడో రోజు పెన్ను పట్టి స్కిజోఫ్రీనియా అని రాసిండ్రు. నాలుగో రోజు మళ్లీ చూడలే. పద్నాలుగేండ్లల్ల ఒక్కసారన్నా మళ్లీ చూడలే."

డాక్టర్ కళ్లు ఒక్కసారి మెరిశాయి. వేలు ఎత్తాడు.

"అగో! నువ్వే ఒప్పుకుంటున్నవ్. సూది ఎక్కువై లేనివి కనబడ్డయి. ఆ ఈరమ్మ గట్ల కనబడ్డదే. ఆ పిల్ల లేదు. నేను రాసింది తప్పెట్లయితది?"

సింధూజ ఈ మాట కోసమే ఎదురుచూసింది. షీటు పైఅంచు మీద వేలు పెట్టింది. వేరే చేతిరాత. డ్యూటీ నర్సుది.

"రాత్రి ఎనిమిదింపావు. 'పక్క పిల్ల ఈరమ్మ పడిపోయింది, ఆమెను కూడా తీసుకురండి అంటోంది.' దాని కింద, మొదటి సూది ఎనిమిది నలభైకి. ఈరమ్మ ముందొచ్చింది సార్. సూది తర్వాతొచ్చింది."

డాక్టర్ లేచాడు. వెళ్లి తలుపు గడియ పెట్టి వచ్చాడు. మళ్లీ కూర్చున్నప్పుడు ఆయన గొంతు మారిపోయింది. పెళ్లిలో ఆకు ముందు కూర్చోబెట్టి బతిమాలే మేనమామలా మెత్తగా అయింది. సింధూజకు ఆ మెత్తదనమే ఎక్కువ కంపరంగా తోచింది.

"చూడు బిడ్డా. నిన్ను నేను బతికించిన. గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాక జీపుల ఏస్కొచ్చిండు శ్రీశైలం. నూరు కిలోమీటర్లు. గంట ఆలస్యమైతే శవమైతుంటివి."

"గద్వాలల దవాఖానలు లేవా?"

"ఉన్నయి. ఆడ అందరికీ తెలుస్తది. శ్రీశైలం నాతోటి చదువుకున్నోడు, కాళ్లు పట్టుకున్నడు. పురుగుమందు కేసని రాస్తే పోలీసులొస్తరు. చిన్నపిల్లలను పనికి పెట్టిండని అధికారులొస్తరు. కంపెనీ వాణ్ని తీసేస్తది. ఆ సీడ్ మీద బతికే రైతులు మూడొందల మంది రోడ్డున పడ్తరు. ఒక్క మాట రాసిన. ఒక్క మాటనే గదా!"

ఒక్క మాట.

ఆ మాటతో పదో తరగతి ఆగిపోయింది. ఆ గోలీలతో పదహారేళ్లకే ఒళ్లు ఉబ్బిపోయింది, నెలసరి ఆగిపోయింది, ఊళ్లో ఆడవాళ్లు ఆమె పొట్ట వంక చూసి చెవులు కొరుక్కున్నారు. తల్లి జములమ్మ కూతురికి ముసుగు కప్పి కొత్తకోటకు తీసుకెళ్లి కడుపు పరీక్ష చేయించింది. వచ్చేటప్పుడు బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు. ఇవన్నీ ఆయన ముందు చెప్పాలని సింధూజ అనుకుని వచ్చింది. ఇప్పుడు ఆయన పెదవి అంచున ఎండిన పండు మరకను చూస్తుంటే ఒక్కటీ చెప్పబుద్ధి కాలేదు. ఆ చెవుల్లో వేస్తే తన తల్లి కన్నీళ్లు కూడా ఎంగిలవుతాయనిపించింది.

"నాకేం కావాల్నో చెప్త" అంది. "రోగనిర్ణయం తప్పని రాసియ్యండ్రి. పురుగుమందు కేసని రాసియ్యండ్రి."

"అది రాస్తే నా పట్టా పోతది. రాయ." డ్రాయరు లాగి లెటర్‌హెడ్ తీశాడు. "కానీ నీ బిడ్డ నీకొచ్చే తొవ్వ ఒకటుంది. వింటవా?"

రాయడం మొదలుపెట్టాడు. చకచకా రాశాడు. స్టాంపు వేశాడు. కాగితం ఆమె వైపు తిప్పాడు.

'సింధూజ పూర్తిగా కోలుకున్నది. ఈరమ్మ అనే వ్యక్తి ఉన్నదన్న భ్రమ ఆమెకు ఇప్పుడు లేదు. బిడ్డ సంరక్షణకు అర్హురాలు.'

"కింద నువ్వు సంతకం పెట్టాలె. ఒప్పుకుంటున్న అని. ఆ పాత షీటు ఈడ్నే ఇడిసిపెట్టి పోవాలె. సోమవారం ఈ కాగితం నీ వకీలుకియ్యి. శివకుమార్‌కు నేను చెప్పుకుంట. మంగళవారం పొద్దుగాల్ల నీ బిడ్డ నీ ఇంట్ల."

మంగళవారం పొద్దున.

సింధూజ ఆ కాగితాన్ని చూస్తూ ఉండిపోయింది. ఏడు నెలలుగా ఇంట్లో ఓ చిన్న ఎర్ర చెప్పుల జత గుమ్మం పక్కనే ఉంది. రోజూ ఊడ్చేటప్పుడు వాటిని ఎత్తి మళ్లీ అక్కడే పెడుతోంది. ఈరమ్మ లేదని ఒక్క గీత గీస్తే చాలు. ఈరమ్మకు పోయేదేముంది? ఎక్కడో రాయచూరు పక్కన పెళ్లై, పిల్లలతో ఉండి ఉంటుంది. తన పేరు కాగితం మీద ఉందా లేదా అని ఆమెకు పట్టింపేముంది?

పెన్ను తీసుకుంది.

"సింధూ" అంది ప్రేమలత. ఆమె మొహం బూడిదరంగుకు తిరిగింది. "జర ఆగు పిల్లా."

"ఆగలేనక్కా. ఇంక ఎన్ని దినాలు ఆగాలె?"

"నేనొకటి చెప్పాలె నీకు..."

"బయటికి పోయినంక చెప్పు."

పెన్ను మొన కాగితాన్ని తాకింది. తలుపు మీద టకటకమని చప్పుడైంది. డాక్టర్ విసుగ్గా లేచి గడియ తీశాడు. నర్సు సౌందర్య ఓ పచ్చరంగు ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"నాలుగు గంటల పేషెంటొచ్చిండ్రు సార్. ఆ పాప. వాళ్ల డాడీ తొందర పెడ్తున్నడు."

"ఇప్పుడెవడు తెమ్మన్నడు?" డాక్టర్ చెయ్యి ఫైలు మీదికి దూకింది. బంక వేళ్లు అట్టకు అతుక్కున్నాయి. లాగబోతే ఫైలు తెరుచుకుంది.

తలకిందులుగా ఉన్నా తన బిడ్డ పేరు చదవడానికి ఏ తల్లికీ కష్టం కాదు.

చైత్ర. వయసు ఆరు.

సింధూజ పెన్ను పడేసి ఫైలు లాక్కుంది. మొదటిసారి వచ్చిన తేదీ మూడు వారాల కిందటిది. అదే చేతిరాత. అవే వంకర అక్షరాలు.

'తల్లికి స్కిజోఫ్రీనియా. బిడ్డలో తొలి లక్షణాలు. ఈరమ్మత్త అనే లేని మనిషి గురించి తరచూ మాట్లాడుతుంది. ఆమె ఒంటిచేత్తో దారం ముడి వేస్తుందని, ఈలలు వేస్తుందని చెబుతుంది.'

దాని కింద ఓ మందు పేరు. తాను పన్నెండేళ్లు మింగిన మందే. రాత్రి పూట సగం గోలీ.

ఆ కథలు చెప్పింది తానే. చైత్ర పక్కలో పడుకుని నిద్రపోని రాత్రుల్లో. క్రాసింగ్ అయిన పువ్వుకు గుర్తుగా ఈరమ్మత్త ఒంటిచేత్తో దారం ముడి వేసేదని, నోట్లో రెండు వేళ్లు పెట్టి ఈల వేస్తే చేను ఆ చివరన ఉన్నవాళ్లు కూడా తిరిగి చూసేవాళ్లని. పిల్ల అవే మాటలు తండ్రికి చెప్పింది. తండ్రి తీసుకొచ్చి ఈ బల్ల ముందు కూర్చోబెట్టాడు. ఈయన సీతాఫలం తిన్న చేత్తో రాసేశాడు.

సింధూజ ఫైలు పట్టుకుని తలుపు వైపు తిరిగింది.

గుమ్మంలో శివకుమార్ నిలబడి ఉన్నాడు. అతని చెయ్యి పట్టుకుని చైత్ర. పిల్ల తల్లిని చూసింది. పరిగెత్తుకు రాలేదు. రెండు అడుగులు వేసి, ఎందుకు వేసిందో మరిచిపోయినట్టు ఆగిపోయింది.

"నువ్వేం చేస్తున్నవ్ ఈడ?" శివకుమార్ అరిచాడు. "నీ పిచ్చి నా బిడ్డకు అంటించింది సాలదా?"

"గోలీ ఎవరిస్తున్నరు దానికి? నువ్వేనా? నీ చేత్తోనేనా?"

"డాక్టర్ రాసిండు, ఇస్తున్న. తండ్రిని నేను. నీ లెక్క తిరుగుతుంటే చూసుకుంట కూసోవాల్నా?"

"అరవకండ్రి, అరవకండ్రి." డాక్టర్ రెండు చేతులూ ఎత్తాడు. ఆయనకు ధైర్యం తిరిగొచ్చింది. సర్టిఫికెట్‌ను మళ్లీ సింధూజ ముందుకు జరిపాడు. "తల్లివి నువ్వే ఉన్నవ్ గదా. నువ్వే చెప్పు పాపకు. ఈరమ్మ లేదు, నేను ఊకెనే చెప్పిన అని చెప్పు. సంతకం పెట్టు. ఈ పొద్దే గోలీ బంద్ చేస్త. తల్లి మాట విని పిల్ల మరిచిపోతది. అందరికీ మంచిది."

శివకుమార్ కూడా ఆగి చూశాడు. నర్సు సౌందర్య గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

సింధూజ నేల మీద మోకాళ్ల మీద కూర్చుంది. చైత్ర రెండు చేతులూ పట్టుకుంది. చల్లగా ఉన్నాయి. ఈ పిల్ల విన్నదే చెప్పింది. ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఇప్పుడు తాను లేదంటే, నిజం చెబితే మందు మింగాలని ఆరేళ్లకే నేర్చుకుంటుంది. తనకు నేర్పినట్టే.

"అమ్మా" అంది చైత్ర, మెల్లగా. "ఈరమ్మత్త లేదంట. డాడీ చెప్పిండు. ఉందా, లేదా?"

"ఉండె బిడ్డా." సింధూజ గొంతు గదంతా వినిపించింది. "ఈరమ్మ ఉండె. నా పక్క సాలులనే ఉండె. నువ్వు చెప్పింది తప్పు కాదు. నీకే రోగం లేదు."

లేచి, సర్టిఫికెట్‌ను రెండుగా చింపి సీతాఫలం గింజల గిన్నెలో పడేసింది. కేసు షీటునూ పచ్చ ఫైలునూ కలిపి గుండెలకు అదుముకుంది.

డాక్టర్ మొహం ఎర్రబడింది. శివకుమార్ వైపు తిరిగాడు. "చూసినవా? వీడియో తియ్యి. సోమవారం జడ్జికి ఇదొక్కటి సాలు. రోగం తిరగబెట్టిందని నేనొచ్చి సాక్ష్యం చెప్త." మళ్లీ సింధూజ వైపు తిరిగి వేలు చూపించాడు. "ఉండెనంట! ఉంటే యాడుంది? తీస్కరా. సోమవారం తీస్కొచ్చి కోర్టుల నిలవెట్టు. సూద్దాం."

శివకుమార్ ఫోను ఎత్తాడు. దాని ఎర్రచుక్క వెలిగింది.

"నిలవెట్టలేం సార్."

ప్రేమలత అంది ఆ మాట. ఇంతసేపూ కుర్చీలో ముడుచుకుని ఉన్న మనిషి లేచి నిలబడింది. సింధూజ వైపు చూడలేదు. చూడలేకపోయింది.

"తియ్యి శివకుమార్, మంచిగ తియ్యి. నా మొహం కూడ పడాలె." ఫోను ఎదురుగా వచ్చి నిలబడింది. "ఈరమ్మ ఆ జీపెక్కలే సార్. ఇంటికి పోలే. పొద్దుగూకకముందే చేన్ల సచ్చిపోయింది. గుంత తవ్విండ్రు. తవ్వినోళ్లల్ల నేనొకదాన్ని. జాగ నాకెరుక. పోలీసోళ్లను పిలువుండ్రి, ఇప్పుడే చూపిస్త."